ప్రార్థనతో మొదలైన దావా

మోకరించడం చిన్నప్పుడే నేర్పి, నోరు అదుపులో పెట్టుకోవడం ఇంకా నేర్పుతూనే ఉన్న నా దేవునికి స్తోత్రం. ఆయన ఓర్పుకే మహిమ కలుగును గాక.

సివిల్ దావా ఎలా మొదలవుతుందని లాయర్లను అడిగితే దావా పత్రం, సమన్లు అంటారు. మాది ప్రార్థనతో మొదలైంది. చేసింది నేనే.

గాజువాకలో మా ప్రార్థన మందిరం మా అక్క ఇంటి వెనుక ఉంటుంది. అక్కడికి దారి వాళ్ల స్థలంలోని సందే. స్టీలు ప్లాంటులో పనిచేసే బావ కొత్తగా కారు కొని ఆ సందులో పెట్టసాగాడు. కాస్త పక్కకు తియ్యమని ఒక్క మాట అడిగితే సరిపోయేది. వాక్యం తెలిసినవాడిని, అంత తేలిక మార్గం నాకెందుకు తోస్తుంది? ఆదివారం సంఘ ప్రార్థనలో కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ ప్రజల త్రోవకు కారు అడ్డుపెట్టే సహోదరుని హృదయాన్ని మెత్తబరచు" అన్నాను. పేరు చెప్పలేదు. నాది అంత సున్నితమైన మనసు. సందులో ఉన్నది ఒక్క కారే. ఆ రోజు ఆమేన్ ఎన్నడూ లేనంత గట్టిగా వినిపించింది.

బయటికి రాగానే బావ పట్టుకున్నాడు.

"ఏట్రా, కళ్లు మూసుకుని తిట్టినావేటి? దేవుడికి సెప్పినావు గానీ, పక్కన కూసున్న నాకు సెప్పలేకపోయినావా?"

"తిట్టలేదు బావా, ప్రార్థన సేసినాను."

"అలాగా? అయితే నాను గేటు కడతాను. అదీ ప్రార్థనే అనుకో."

బుధవారానికల్లా సందుకు ఇనుప గేటు, దానికి తాళం. సంఘమంతా వెనుక మురికి కాలువ మీద చెక్క దాటి ఆరాధనకు రావలసి వచ్చింది. పెద్దలు కోర్టుకు వెళదామన్నారు.

నుదుట సింహాచలం చందనంతో ఉన్న లాయరుగారు, "వాది ఎవరండి?" అన్నారు.

"ప్రభువేనండి" అన్నాడొక పెద్ద.

"మా కొండమీద అప్పన్న దేవుడి పేరు మీదయితే దావా వెయ్యొచ్చండి, చట్టం ఒప్పుకుంటాది. మీ కాడ మాత్రం మనిషే సంతకం ఎట్టాల."

అప్పటిదాకా సత్యం కోసం ప్రాణమిస్తామన్న పెద్దలు ఒక్కసారిగా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగారు. సంతకం నేను చేశాను. స్థలం ఎవరి పేరున ఉందని లాయరుగారు అడిగారు. బావది, అక్కది అన్నాను.

"అయితే ఆవిడ రెండో ప్రతివాది."

ప్రతి నెలా ప్రభువు బల్లకు ద్రాక్షరసం సిద్ధం చేసే మా అక్క అలా రెండో ప్రతివాది అయింది. నేను కాదనలేదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో విన్నపాల చీటీలు చదివే భాగ్యం నాదే. సమన్లు అందిన వారం నాలుగో చీటీ విప్పి, అలవాటు కొద్దీ పైకి చదివేశాను.

"రెండో ప్రతివాది కోసం ప్రార్థించండి. తమ్ముడు ఆమె గుమ్మం తొక్కి మూడు నెలలైంది. కోర్టు మనిషి కూడా ఇంటికొచ్చాడు, వీడు రాలేదు."

అక్క చాప చివర తలవంచుకుని కూర్చుంది. ఆ చీటీకి ఎవరూ గట్టిగా ఆమేన్ అనలేదు. అనాల్సిన నేను ఐదో చీటీ విప్పాను.

దావా వెనక్కి తీసుకోవాలన్నా వాది సంతకమే కావాలట. అలా చేస్తే లోకం ముందు సంఘం సాక్ష్యం, అంటే మంచి పేరు, చెడుతుందని పెద్దలు అంటున్నారు. ఇప్పుడది ఎంత పచ్చగా ఉందో మరి! రేపు ఉదయం బావ షిఫ్టు దిగి వచ్చే వేళకు ఆ గేటు ముందు నిలబడతాను. అక్క తియ్యాలి, లేదా బావ తియ్యాలి.

చదువుతున్న మీరు కూడా నాతో ఏకీభవించి ప్రార్థించండి: ప్రభువా, గేటు తట్టే ధైర్యమివ్వు. వాళ్లు తీస్తే, కళ్లు తెరిచి మాట్లాడనివ్వు. ఆమేన్.