మామ్మ బుగ్గన కరక్కాయ

ఇప్పుడంటే పందెం ముగిసీ ముగియగానే ఫోను గంట కొట్టి మరీ ఫలితం చెప్పేస్తోంది గానీ, నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో ఓసారి ఫలితం తెలియకుండా ఉండడం కోసం మా ఇంటిల్లిపాదీ నానా పాట్లూ పడ్డాం. హౌరా పక్కన టికియాపారాలో, రైళ్ల చప్పుడు ఆగితే నిద్ర పట్టని ఇల్లు మాది. నాన్న రిటైరైన రైల్వే గార్డు. మామ్మ, అంటే నాన్నవాళ్లమ్మ, శ్రీకాకుళం వదిలి యాభై ఏళ్లయినా ఆ యాసని మాత్రం వదల్లేదు. ఇలాంటి కొంపలో నాకు కారు పందేల పిచ్చి ఎలా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. గోడ మీద పంచాంగం పక్కనే పందేల పట్టిక వేలాడదీసేదాన్ని. ఆస్ట్రేలియాలో పందెమంటే మాకు ఉప్మా వేళ, జపాన్‌లో అయితే మాంసం పొయ్యి మీదుండే వేళ, యూరప్‌లో అయితే సాయంత్రం టీ వేళ. అమెరికా అంటే మాత్రం వీధి కుక్కలు కూడా పడుకున్నాక.

నేను ప్రాణం పెట్టుకున్న డ్రైవరు తొమ్మిదేళ్లుగా తిరుగుతున్నా ఒక్కసారీ గెలవలేదు. హెల్మెట్ తీస్తే మెడ బారెడుండేది, అందుకని మామ్మ ఆయనకి ‘పొడుగు మెడోడు’ అని పేరు పెట్టింది. “ఒలే గుంటా, ఓడిపోడానికి అంత దూరం ఎల్లాలేటే ఆడు?” అని ఏడిపించేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ ఏడాదితో ఆయన మానేస్తానన్నాడు. ఆఖరి పందెం అమెరికాలో, మనకి ఆదివారం అర్ధరాత్రి దాటాక. ఎన్నడూ లేనిది, ముందు రోజు అర్హత పరుగుల్లో ఆయనకి ముందు వరసలో చోటు దొరికింది. సరిగ్గా అదే రాత్రి నాకు న్యూ టౌన్ ఆఫీసులో డ్యూటీ. సెలవడిగితే, “ఇంట్లో ఎవరికి బాగోలేదు?” అన్నాడు మా పైఅధికారి. “అందరూ బాగానే ఉన్నారు సార్, ఒకాయన గెలుస్తాడేమోనని” అన్నాను. (అబద్ధమాడే తెలివి నాకప్పటికింకా రాలేదు.) సెలవు రాలేదు.

సరే, పందెం రికార్డు చేసి పొద్దున్నే చూడాలి, అంతవరకూ ఫలితం నా చెవిన పడకూడదు, అని ఒట్టు పెట్టుకున్నాను. నాన్న ఈ పనిని డ్యూటీలా నెత్తిన వేసుకున్నారు. “సిగ్నల్ పడకుండా బండి స్టేషన్లోకి రాకూడదు. వరండా కమ్మీకి ఎర్ర జెండా ఉంటే వీధి మలుపులోనే ఆగిపో. పచ్చది చూశాకే రా” అన్నారు. ఉన్న భయమంతా మామ్మతోనే. మా అత్త కడుపుతో ఉన్న సంగతి మా మావయ్య కన్నా ముందు కూరల బజారుకి తెలిసిందంటే అది మామ్మ చలవే.

పొద్దున్న చెవుల్లో దూది కుక్కుకుని, తల వంచుకుని, ఎవరి మొహమూ చూడకుండా మా వీధి మలుపు దాకా వచ్చాను. తలెత్తితే ఎర్ర జెండా! ఆగాను. పది నిమిషాలు, ఇరవై, నలభై. ఎండెక్కింది, కళ్లు మూతలు పడుతున్నాయి. (జరిగిందేమిటంటే, కింది వాటాలో ఉండే బెంగాలీ దాదా, ఈ పిచ్చి ఆయనకంటించిందీ నేనే, కబురు కడుపులో దాచుకోలేక మా వరండాలో తిరుగుతుంటే, నాన్న ఆయన్ని టీ కొట్టుకి లాక్కెళ్లిపోయారు. జెండా మార్చడం మర్చిపోయారు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆయన చేసిన తప్పు ఇదొక్కటేనట.) చివరికి మామ్మే వరండాలోకి వచ్చి, నన్ను చూసి, వంటింట్లోకి పరుగెత్తి, తోటకూర కట్ట పట్టుకొచ్చి గాల్లో ఊపింది. బండి కదిలింది.

టీవీ ముందు కూలబడ్డాను. మామ్మ వచ్చి పక్కనే కూర్చుంది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. “ఏమైందే?” అంటే గొంతు చూపించి, నొప్పికి కరక్కాయ పెట్టుకున్నానన్నట్టు సైగ చేసింది. వెక్కిరింపు లేదు, ప్రశ్న లేదు. హమ్మయ్య అనుకున్నాను. మావాడు సగం పందెం దాకా రెండో చోటే. ఆ తర్వాత ముందున్నవాడు టైర్లు మార్చుకోవడానికి ఆగితే, మావాడు ముందుకొచ్చేశాడు! అక్కణ్ణుంచి నాకు ఊపిరి ఆడితే ఒట్టు. వెనకవాడు మీదికొచ్చినప్పుడల్లా మామ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కేది. ఆఖరి చుట్టులో అయితే గోళ్లు దిగాయి. గెలిచాడు! తొమ్మిదేళ్ల తర్వాత మా పొడుగు మెడోడు గెలిచాడు! మంచమెక్కి గెంతాను, ఏడ్చాను, తోటకూర కట్టని నేనూ ఊపాను.

నా కేకలకి నాన్న, రసగుల్లాల కుండతో దాదా పరుగెత్తుకొచ్చారు. దాదా నన్ను కాదు, మామ్మని చూసి దణ్ణం పెట్టాడు. “ఠాకుమా, సకాల్ ఛటా థేకే చుప్! ధన్యి తుమి!” పొద్దున్న ఆరింటి నుంచీ నోరు మెదపలేదట! నాన్న లేవకముందే దాదా వచ్చి ఫలితం మామ్మకి చెప్పేశాడు. మామ్మ కరక్కాయ ఉమ్మేసి లబలబలాడింది. “కడుపుబ్బిపోనాదే గుంటా! నోరిప్పితే సెప్పీస్తానని ఇది ఎట్టీసుకున్నాను.”

“మరి తెలిసే నా చెయ్యెందుకే అలా నలిపేశావు?”

“తెల్సినా బయమేసిందే. ఆడెక్కడ ఎనకబడిపోతాడోనని.”

మామ్మ జీవితంలో దాచిన రహస్యం అదొక్కటే. ఇప్పుడామె లేదు. ఇప్పుడు న్యూ టౌన్‌లో గోడంత టీవీ ముందు నేనొక్కదాన్నే చూస్తుంటాను. మొన్నటి పందెం ఫలితం కూడా ముందే తెలిసిపోయింది. అయినా ఆఖరి చుట్టులో నా చెయ్యి నేనే గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. వెధవ ఫోను! దాని బుగ్గనా ఓ కరక్కాయ పెట్టాలి.