నాలుకకు తాకించని సబ్బు

మొదట నేర్చుకున్నది సులువైన పద్ధతి. అంగట్లో దొరికే సబ్బు దిమ్మను కరిగించి, వేపాకు రసం కలిపి, గిన్నెలో పోయడమే. రెండోది, కొబ్బరి నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి, అచ్చులో పోసి నెల రోజులు ఆరనివ్వడం. మూడోది, ఆ కలిపినదాన్నే సన్నని మంట మీద ఉడికించడం. దాన్ని వారానికే వాడుకోవచ్చు. నగరిలో మా పక్కింటి దర్జీ భార్య ఈ మూడూ ఓపికగా నేర్పింది.

"అక్కా, నీళ్లలో సోడా వెయ్యాల. సోడా మీద నీళ్లు పోస్తే మొగానికి ఎగురుతుంది. ఆరినాక నాలిక్కి తాకించి సూడు. సురుక్కుమంటే పారేయ్."

"ఛీ, సబ్బు నాకమంటావా?"

"నీ వంట తింటాండారు కదా మీ ఇంట్లో! ఇదేం లెక్క?"

మా అత్త నూలు అద్దకంలో ఏళ్ల తరబడి పనిచేసింది. ఆమె పాదాలు పగుళ్లు బారి ఉండేవి. షుగర్ వల్ల వాటికి స్పర్శ కూడా పోయింది. అంగడి సబ్బు పడదని ఆమె కోసమే మూడో పద్ధతిలో కాచాను. కొబ్బరి నూనె తక్కువైంది. శుక్రవారం కుందుల్లో మిగిలిన దీపం నూనెను కాలవలో పారబోయలేక సీసాలో దాచేదాన్ని. అదే కలిపాను.

సబ్బు గట్టిపడ్డాక నాలుక దాకా తెచ్చాను. స్వామి ముందు వెలిగిన నూనె. దాన్ని ఎంగిలి చేయడానికి మనసు రాలేదు.

అత్త రోజూ ఆ సబ్బు పగుళ్లలోకి రుద్ది, నురుగుతోనే కాసేపు కూర్చునేది. "మెత్తగా అయిందే," అని మురిసిపోయింది. వారం తిరగకముందే కాలి చిటికెన వేలి పక్కన చర్మం ఊడి వచ్చింది. ఆమెకు నొప్పే తెలియలేదు.

దీపాలకని అమ్మే ఆ నూనెలో సబ్బుగా మారనిది ఏదో ఉందని, మారకపోతే సోడా అలాగే మిగిలి కాలుస్తుందని దర్జీ భార్య చెప్పేసరికి పుండు ముదిరింది.

తిరుపతిలో డాక్టర్ ఏమైందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్త అంది: "ఉడుకునీళ్లు పోసుకున్యానప్పా."

రోజూ ఆమెకు నీళ్లు కాచి, చన్నీళ్లు కలిపి పెట్టేది మా ఆయన. పక్కనే నిలబడి విన్నాడు.

ఆయన మందులకు వెళ్లినప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు నోరెత్తద్దు. తప్పు నాదైనా నా కొడుకు నన్ను ఇడ్సిపెట్టి పోడు. నిన్నయితే బతకనీడు."

రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది. అందుకు స్వామికి దండం పెట్టుకుంటాను. అత్తకూ మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు మా ఆయన ప్రతి పొద్దునా బకెట్‌లో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తాడు. చల్లగా ఉన్నా మళ్లీ చన్నీళ్లు కలుపుతాడు. "నా పాపమేమ్మా," అంటాడు తల్లితో.

నేను ఆ పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటాను.