అది సైదా బండి పనే

సైదాకి ఒక జబ్బుంది. చుట్టుపక్కల ఎక్కడ ఏది ఠప్పుమన్నా, ఎవరూ అడక్కముందే చెయ్యెత్తి "నేనేనండీ!" అనేస్తాడు. పగిలింది గోడో గ్లాసో చూసుకోడు. అది తన బండికి అందేంత దూరంలో ఉందో లేదో కూడా చూసుకోడు. అవతలి వీధిలో ఆటో టైరు పేలినా పొక్లెయిన్ కేబిన్‌లోంచి తల బయటపెట్టి, "మన బకెట్టు గానీ తగిలిందా?" అని కంగారుపడే మనిషి.

ఈ సంగతి యలమందయ్యకి తెలిసినంత బాగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలీదు. ఎందుకంటే ఆయనకి వేరే పని లేదు. మిర్చి యార్డులో కాటా గుమాస్తాగా చేసి రిటైరై, ఏం తోచక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న మనిషికి, పక్క స్థలంలో పాత ఇల్లు కూల్చి సెల్లారు తవ్వడం మొదలుపెట్టేసరికి మళ్లీ ఉద్యోగం వచ్చినట్టయింది. పొద్దున్నే కాఫీ తాగి, బనీను మీద తువ్వాలు వేసుకుని, మేడ మీద వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. పొక్లెయిన్ మట్టి తీస్తుంటే "ఇంకాస్త ఎడమకి, ఎడమకి" అని సలహాలిస్తాడు. ఆ చప్పుడులో ఆయన మాట ఆయనకే వినపడదు. అయినా సాయంత్రానికి సగం సెల్లారు తనే తవ్వినంత అలిసిపోయి లోపలికొస్తాడు.

"ఇవాళ పని బాగా సాగిందే" అంటాడు భార్య వెంకటరావమ్మతో.

"అవునవును. నడుం పట్టేసుంటుంది, కాపడం పెట్టనా?" అంటుంది ఆవిడ.

పాత గుంటూరులో ఆ వీధి ఎంత ఇరుకంటే, టిప్పరు లోపలికొస్తే ఎదురుగా వచ్చే సైకిలు వెనక్కి తిరిగిపోవాల్సిందే. ఇటు యలమందయ్య గోడ, అటు రహమతున్నీసా గారి గోడ, నెత్తిమీద కరెంటు తీగలు, కింద మంచినీళ్ల గొట్టం. వీటన్నిటి మధ్యా అంత పెద్ద బండి. అది గిర్రున తిరిగేటప్పుడు దాని వెనక భాగానికీ గోడకీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. కింద హెల్పరు మార్కు విజిలు ఊదుతూ చేతులూపి దారి చూపిస్తుంటాడు. సైదా బకెట్టుని తీగల కింద నుంచి వంచి, గోడ పక్క మట్టిని గోడకి తెలీకుండా తీసి టిప్పర్లో పోస్తాడు. ఒక్క పెళ్ల పక్కకి జారదు. అంత చెయ్యి తిరిగిన వాడు, టీ తాగటానికి కిందకి దిగాడంటే చాలు, తనని తాను తిట్టుకోవడం మొదలుపెడతాడు.

"మనది చెయ్యి కాదు బాబాయిగారూ, శనిగ్రహం. తుళ్లూరు దగ్గర బీడు పొలాల్లో పనిచేశా. చుట్టూ తగలటానికి చెట్టు కూడా లేదు కదా అని ధైర్యంగా ఉన్నా. చివరికి నా క్యారియరు మీద నుంచే బండి పోనిచ్చా."

"క్యారియరు తీసుకెళ్లి బండి దారిలో ఎందుకు పెట్టావయ్యా?"

"ఎవరూ తొక్కకుండా భద్రంగా ఉంటుందనండీ."

ఒకరోజు మంచినీళ్ల గొట్టం పగిలి వీధంతా నీళ్లయింది. అప్పుడే వెనక్కి వచ్చిన టిప్పరు పక్కన డ్రైవరు బాషా మొహం తెల్లబోయి నిలబడ్డాడు. కాంట్రాక్టరు శ్రీకృష్ణ పరుగెత్తుకొచ్చాడు.

"నేనే సార్!" అన్నాడు సైదా.

"నీ బకెట్టు గాల్లో ఉంది కదయ్యా!"

"దించేటప్పుడు ఆ గాలి తగిలుంటుంది సార్."

ఇంకోరోజు రహమతున్నీసా గారి కోడలు నస్రత్ గోడ మీద నుంచి తొంగిచూసి, "మా అత్తమ్మ కళ్లజోడు విరిగింది. ఎట్టా విరిగిందంటే మాట్లాడదు" అంది. అది సైదాతో చెప్పిన మాట కూడా కాదు, మార్కుతో అంది.

"నా బండి అదురేనమ్మా!" అని పైనుంచి అరిచాడు సైదా. "మంచం మీద పెట్టుంటారు. అదురుకి కింద పడుంటుంది. పాపిష్టోణ్ణి, పెద్దావిడ చూపు పోగొట్టా!"

శ్రీకృష్ణ కొత్త కళ్లజోడు చేయించి ఇచ్చాడు. ఇచ్చి, సైదాని పక్కకి పిలిచాడు. "ఒరేయ్, ఇంకొక్కటి పగిలిందంటే బండి దిగి ఇంటికి పో. చిన్న బండి తోలుకునేవాణ్ణి తెచ్చి దీని మీద ఎక్కించా చూడు, నన్ననాలి."

ఆ సాయంత్రం సైదా జోకులు వెయ్యలేదు. "ఇన్నేళ్లకి పెద్ద బండి చేతికొచ్చింది బాబాయిగారూ. ఇక్కణ్ణుంచి దింపేశారంటే గుంటూరులో నన్ను ఇంకెవరూ పిలవరు. రేపట్నుంచి నోరు కుట్టేసుకుంటా" అన్నాడు. నిజంగానే కుట్టేసుకున్నాడు. ఎక్కడో ఏదో ధభీమంటే పెదవి కొరుక్కుని, కళ్లు మూసుకుని, లివర్లు గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు. చూసేవాళ్లకి జాలేసేది.

ఇక యలమందయ్య సంగతి. ఆయనకి బీపీ ఉంది. జీవితమంతా మిరపకాయల ఘాటులో బతికిన మనిషిని పట్టుకుని డాక్టరు పచ్చళ్లు మానెయ్యమన్నాడు. వెంకటరావమ్మ పండుమిర్చి పచ్చడి జాడీని తీసుకెళ్లి మేడ మీది సామాన్ల గదిలో బీరువా మీద ఎక్కించింది. పొక్లెయిన్ ఆడుతున్నన్నాళ్లూ ఆయన ధ్యాస దాని మీదే ఉండేది. ఒకరోజు బ్యాటరీ పోయి బండి పొద్దున్నుంచీ స్టార్టవలేదు. మెకానిక్కు కోసం చూస్తూ సైదా కేబిన్‌లో ఊరికే కూర్చున్నాడు. చూడటానికి ఏమీ లేకపోయేసరికి యలమందయ్య ధ్యాస బీరువా మీదకి పోయింది.

ప్లాస్టిక్ స్టూలెక్కాడు. ఎన్ని బస్తాలు దించిన చేతులివి, ఈ జాడీ ఓ లెక్కా అనుకున్నాడు. నిజానికి దించింది హమాలీలు, ఈయన పక్కన నిలబడి తూకం రాసుకున్నాడంతే. మూత తీసి, వేలు పెట్టి, నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ ఆనందంలో స్టూలు మీద ఉన్నానని మర్చిపోయాడు. స్టూలు ఊగి, చేతిలోని జాడీ ఢామ్మని కిందపడి ముక్కలైంది.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా కిటికీ, కిటికీ అవతల సరిగ్గా అదే ఎత్తులో కేబిన్, కేబిన్‌లో సైదా. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"ఏమండీ, ఏమిటా చప్పుడు?" మెట్ల మీద వెంకటరావమ్మ అడుగులు వినపడ్డాయి.

యలమందయ్య పచ్చడి వేలు గబగబా బనీనుకి తుడుచుకున్నాడు. పెదవి కొరుక్కుని కూర్చున్న సైదా ఇంక ఆగలేకపోయాడు.

"నేనేనమ్మా! నా బండి అదురే!"

ఆ కేక కింద మెకానిక్కుతో మాట్లాడుతున్న శ్రీకృష్ణ చెవిన పడనే పడింది.

"దిగు" అన్నాడు.

మార్కు అడ్డం వచ్చాడు. "సార్, బండి పొద్దున్నుంచీ స్టార్టే అవలేదు సార్!"

"మరి అదురెక్కణ్ణుంచి వచ్చిందిరా?"

సైదా ముక్కు తుడుచుకుని, "గట్టిగా తుమ్మా సార్" అన్నాడు.

"వేళాకోళాలు చాలు. తాళం ఇచ్చి వెళ్లు."

సైదా దిగాడు. తాళం ఇచ్చాడు. సీటు మీది తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పైనుంచి యలమందయ్య అంతా చూశాడు. ఛీ, నేనూ ఒక మనిషినేనా! గుప్పెడు పచ్చడి కోసం ఒక మనిషి పొట్ట కొడతానా? అనుకున్నాడు. బనీను మీద ఎర్రటి మరకలతోనే మెట్లు దిగి వీధిలోకొచ్చాడు.

"ఆపండయ్యా! జాడీ పగలగొట్టింది నేను. దొంగతనంగా పచ్చడి తినబోయి పగలగొట్టా. సైదాది ఏం తప్పులేదు!"

వెనకే దిగివచ్చిన వెంకటరావమ్మ నిట్టూర్చింది. "హమ్మయ్య. ఎంతసేపటికి నోరు పెగులుతుందో చూద్దామని ఆగా. మీ మూతికి అంటిన పచ్చడి కూడా బండే పూసిందా?"

వీధిలో నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో గోడ అవతలి నుంచి రహమతున్నీసా గారి గొంతు వినపడింది. "బాబూ, కళ్లజోడు మీద కూర్చుంది నేనే నాయనా. కోడలు నవ్వుతుందని చెప్పలా." బాషా తలగోక్కుంటూ ముందుకొచ్చాడు. "గొట్టం నా టిప్పరే సార్."

శ్రీకృష్ణ సైదా వంక తిరిగాడు. "మరి వచ్చినప్పట్నుంచీ ఇక్కడ నువ్వు పగలగొట్టిందేమిటయ్యా?"

సైదా తల దించుకుని చాలాసేపు వెతుక్కున్నాడు. "ఏమీ లేదు సార్" అన్నాడు, పెద్ద తప్పు చేసినవాడిలా.

"అన్నీ నెత్తినేసుకుంటావెందుకు మరి?"

"అంత పెద్ద బండి సార్. ఒక జాడీ నింద దానికేం బరువు? బాబాయిగారికైతే బతికున్నన్నాళ్లూ అన్నంలో నంజుకోటానికి అమ్మగారు ఆ నిందే పెడతారు కదండీ."

శ్రీకృష్ణ నవ్వాపుకోవాలని చూశాడు గానీ కుదర్లేదు. తాళం సైదా చేతిలో పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం వెంకటరావమ్మ సైదాకి చిన్న డబ్బాలో పండుమిర్చి పచ్చడి పంపించింది. ఆవిడ దగ్గర ఇంకో జాడీ ఉంది. అది ఎక్కడుందో యలమందయ్యకి ఇప్పటికీ తెలీదు.

"బాబాయిగారూ, లోపలెట్టా ఉంటుందో ఒకసారి ఎక్కి చూస్తారా?" అని కేకేశాడు సైదా. ఇన్నాళ్లకి పిలుపొచ్చిందని యలమందయ్య పంచె ఎగ్గట్టి కేబిన్‌లోకి ఎక్కాడు. సైదా క్యారియరు విప్పి పచ్చడి డబ్బా మూత తీశాడు. ఇంజను ఆడుతూనే ఉంది. బకెట్టు మెల్లగా లేచి, కేబిన్‌కీ యలమందయ్య గారి కిటికీకీ మధ్య అడ్డంగా నిలబడింది.

"సైదా! అన్నం వేళ ఆ బకెట్టెందుకు లేచింది?" ఇంట్లోంచి వెంకటరావమ్మ అరిచింది.

"నేనేనమ్మా! పొరపాటున చెయ్యి తగిలింది!"

వెంకటరావమ్మ కిటికీ దగ్గరికొచ్చి బకెట్టు వంక చూసింది. తర్వాత ఆవిడే అంది. "సర్లే. ఆయనకి ఒక్క ముద్దే. తినగానే దించెయ్!"

సైదా బకెట్టు దించాడు. ఎంత మెల్లగా దించాడంటే, రెండో ముద్దకి కూడా టైము సరిపోయింది.