ముంచి తేల్చిన పడవ

నిన్న సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే, కాళ్లైనా కడుక్కోకుండా, తన తోటి గుమాస్తా ఒకాయన మూడేళ్లుగా మూలన పడి ఉన్న స్కూటరును ఊరికే ఇస్తానంటున్నాడని చెప్పాడు. రిపేరు చేయించుకుంటే చాలట. నేను పొయ్యి ముందు నుంచి లేవకుండానే వద్దన్నాను. వద్దనడానికి నాకు కారణాలు వెతుక్కునే పని లేదు. పాప కాలు చక్రంలో పడుతుంది. బ్రేకులు పట్టవు. చౌరస్తాలో లారీలు ఎట్లా వస్తాయో తెలియదా. అయినా ఏ లోపమూ లేనిది ఎవరైనా ఊరికే ఎందుకిస్తారు. ఆయన లోపలికి పోయి చొక్కా మార్చుకున్నాడు. నేను బి.ఏ. చదివాను, కానీ పాప పుట్టాక నా భయాలకు ఆ చదువు ఏమీ అడ్డం రాలేదు, పైగా ఒక్కోదాన్నీ వరుసలో పెట్టి చెప్పడం నేర్పింది. గంజి వారుస్తుంటే అనుమానం వచ్చింది. ఈ మాటలు నావి కావు. ఇదే వరుసలో ఎక్కడో విన్నాను. పాప నిద్రపోయాక ఒంటరిగా కూచుంటే తెలిసింది, అవి మా బాపు మాటలు. పడవ వచ్చిన ఏడు ఆయన అమ్మతో అన్నవి.

మా ఊరు ధర్మసాగర్ చెరువు ఒడ్డున. ఇప్పుడు హనుమకొండలో నేను నల్లా తిప్పితే బిందెలో పడే నీళ్లు ఆ చెరువువే. అవతలి ఒడ్డున మా అమ్మకు ఒక ఎకరం ఉండేది. మా అమ్మమ్మ తన కూతురికి చేతిలో చేయి వేసి ఇచ్చిన నేల. అమ్మ అందులో చిక్కుడు, వంకాయ, కొత్తిమీర పండించేది. నేను ఆరో తరగతి చదివే ఏడు వానలు విపరీతంగా కురిసి, చెరువు పొంగి, రెండు ఒడ్ల మధ్య మేం నడిచే పల్లపు దారి మునిగిపోయింది. ఆ నీళ్లు మళ్లీ ఎండాకాలానికి గాని తగ్గవు. కట్ట మీదుగా చుట్టు తిరిగి పోతే పోను మూడు మైళ్లు, రాను మూడు మైళ్లు. అప్పటికి మా తమ్ముడు ఆరు నెలల పాలపిల్లవాడు.

అమ్మ ఒకసారి చుట్టు తిరిగి పోయి చూసింది. తమ్ముణ్ణి నాయనమ్మకు అప్పగించి పొద్దున పోయింది, ఎండ నెత్తికెక్కాక వచ్చింది. రవికె ముందు భాగమంతా పాలతో తడిసి ఉంది. ఏడ్చి ఏడ్చి తమ్ముడి గొంతు పోయింది, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. అమ్మ వాణ్ణి ఒళ్లో వేసుకుని గోడవైపు తిరిగి కూచుంది. మరునాడు పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, వచ్చి అరుగు మీద చుట్ట వెలిగించాడు. అవతలి ఒడ్డున ఆయన చేను మా ఎకరాన్ని ఆనుకునే ఉంటుంది. ఆయన అల్లుడిది కూడా ఆ ఒడ్డున ఉన్న ఊరే, ఎద్దులూ నాగలీ అక్కడే దొరుకుతాయి.

"నీళ్లు తగ్గేదాక నేను దున్నుకుంట తమ్మీ. పడావు వెడ్తె భూమి పాడైతది. దసరా ఎల్లిన తెల్లారి నాగలి కడ్త," అన్నాడు.

నీళ్లు తగ్గుతాయి గాని నాగలి వెనక్కి రాదని ఇంట్లో అందరికీ తెలుసు. మా ఇళ్లలో తమ్ముడి భార్య భర్త అన్నతో ఎదురుగా నిలబడి మాట్లాడదు. పెళ్లయి పన్నెండేళ్లయినా అమ్మ ఆయనతో ఒక్క మాట నేరుగా ఆడలేదు. మాట్లాడాల్సి వస్తే తలుపు వెనక నిలబడి నాతో చెప్పేది. ఆయన వింటూనే ఉండేవాడు, అయినా నేను మళ్లీ చెప్పేదాకా వినపడనట్టు కూచునేవాడు. ఆ రోజు కూడా, "మీ పెద్దబాపుకు చెప్పు బిడ్డా, దసరాకు ఇంక శానా రోజులున్నయని," అంది. నేను చెప్పాను. ఆయన చుట్ట పొగ వదిలాడు.

పడవ సంగతి ఆ వారంలోనే వచ్చింది. ఒకప్పుడు స్నేహితులను వెంటేసుకుని బాతుల వేటకు వచ్చే కంట్రాక్టర్ సారు ఒకాయన చెరువు పక్కన షెడ్డు కట్టుకుని, అందులో ఒక చెక్క పడవ పెట్టుకున్నాడు. మోకాళ్లు పట్టేశాక రావడం మానేశాడు. షెడ్డు తీసేస్తూ, పడవ ఎవరికన్నా కావాలంటే ఊరికే తీసుకుపొమ్మని, లేకపోతే పొయ్యిలోకి కొట్టిస్తానని చెప్పించాడు. చేపలు పట్టేవాళ్లు కూడా ముట్టలేదు, వాళ్లకు తెప్పలున్నాయి. బాపు ఇంటికి వచ్చి ఈ కబురును నవ్వులాటగా చెప్పాడు. అమ్మ నవ్వలేదు. అప్పుడు మొదలైంది బాపు వరుస. పిల్లలు నీళ్లల్లో పడ్తరు. నీకు ఈత రాదు, నాకు రాదు. మనం బండ్లు తోలేటోళ్లం, పడవ మనకెందుకు. లోపం లేంది ఊరికే ఎవరిస్తరు.

అమ్మ అన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఊరికే అచ్చింది కాబట్టే లోపం ముందుగాలనే ఎర్కైతాంది. పైసలు వెట్టి కొన్నదాంట్ల ఇంటికచ్చినంక ఎర్కైతది."

ఇంత అన్నదే గాని వెంటనే ఒప్పుకోలేదు. అమ్మకు నీళ్లంటే భయం, మామూలు భయం కాదు. బట్టలు ఉతకడానికి పోయినా పాదాలు మునిగే చోటు దాటేది కాదు. మూడు రోజులు ఆలోచించింది. ఆ మూడు రోజులూ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, లేదంటే అసలు పడలేదు. నాలుగో రోజు నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు పోయింది. కొంగు చాటున ముగ్గుపిండి డబ్బా. పడవ బోర్లా పడి ఉంది, రంగు పెచ్చులూడి, సందుల్లో తొండలు కాపురం చేస్తూ. కుండలు కొనేటప్పుడు ఆడవాళ్లు వేలి కణుపుతో కొట్టి చూస్తారు కదా, అమ్మ ఆ పడవను అట్లా కొట్టి చూసింది. ఒక్కో చెక్కకూ చెవి ఆనించి, ఒక చివర నుంచి రెండో చివర దాకా. గట్టి చప్పుడు వస్తే ముందుకు జరిగేది. లోపల పుచ్చినట్టు బొద్దు చప్పుడు వస్తే ముగ్గుతో ఒక గీత గీసేది. కుర్చీలో కూచున్న కంట్రాక్టర్ సారుకు నవ్వాగలేదు.

"అమ్మా, అది కుండ కాదు," అన్నాడు.

"కుండ లోపట నీళ్లుంటయ్, దీనికి బయట ఉంటయ్. గంతే గదా సారు," అని అమ్మ కొడుతూనే ఉంది. చివరికి లేచి గీతలు చూసుకుంది. బొద్దువాటికన్నా గట్టివే ఎక్కువ. "బండి తోలుకొస్త. రేపటిదాక పొయ్యిల వెట్టకున్రి," అంది.

బాపు మరునాడు బండి కట్టాడు, కానీ దారి పొడుగునా ఎద్దులతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

మా ఊళ్లో కర్రపని తెలిసినవాడు వడ్ల తాత ఒక్కడే. జీవితమంతా బండ్లూ నాగళ్లూ చేసినవాడు, పడవను దగ్గర నుంచి చూడటం అదే మొదలు. అయినా శీతాకాలమంతా చిక్కుడుకాయలు ఇస్తానని అమ్మ మాటిచ్చేసరికి ఒప్పుకున్నాడు. పాడైన చెక్కలు తీసి మద్ది చెక్కలు వేశాడు. బండి చక్రాన్ని ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదని ఆయనకు తెలుసు. ఆ లెక్కనే ఎండిన పడవ సందుల్లో జనపనార కూరి కూరి, ఉలితో దిగ్గొట్టి, సూది మొన కూడా దూరకుండా చేశాడు. "ఇగ చీమ గూడ దూరదు," అన్నాడు. ఊరంతా చూస్తుండగా నీళ్లలోకి తోశారు. పూటంతా బాగానే తేలింది. మధ్యాహ్నానికి చెక్కలు నీళ్లు తాగి ఉబ్బాయి, ఉబ్బడానికి చోటు లేక ఒకదాన్నొకటి నెట్టుకుని, మేకులు లేచి, నార ఊడి, అమ్మ చూస్తుండగానే పడవ మోకాటి లోతు నీళ్లలో కూచుంది. పెద్దబాపు ఒడ్డున చుట్ట కాలుస్తూ, "చెరువుల తొట్టి కట్టిండ్రు తమ్మీ, మన బర్లకు మంచిగైంది," అన్నాడు. అందరూ నవ్వారు. బాపు కూడా కాస్త నవ్వాడని నాకు ఇప్పటికీ అనుమానం.

నవ్వనివాడు ఒక్కడే, చేపలు పట్టే ముసలి తాత. తెప్ప ఆపి వచ్చి పడవ అంచు మీద చెయ్యి వేశాడు. "అట్లనే ఉండనియ్యి బిడ్డా. ఎండిన కర్రకు దూప ఉంటది. ముందుగాల తాగనియ్యాలె, తాగినంక నింపాలె. మీరు దూప తీరకముందే నోరు కుట్టిండ్రు," అన్నాడు. ఆ నార పీకేసి, రాళ్లేసి పదిహేను రోజులు ముంచి ఉంచమన్నాడు.

బాపు ఆ రాత్రి అన్నం ముందు, "ఇడ్చిపెట్టు," అన్నాడు, ఎన్నడూ లేనంత మెత్తగా. వద్దన్నప్పటి కంటే ఆ మెత్తదనమే అమ్మకు ఎక్కువ కోపం తెప్పించినట్టుంది. తెల్లారి తనే నడుం లోతు దాకా దిగింది. బట్టలు ఉతికే చోటు దాటనిది, చీర దోపుకుని, పళ్లు బిగబట్టి, నేను అందించిన రాళ్లన్నీ పడవలో వేసి దాన్ని నిండా ముంచేసింది. ఆ పదిహేను రోజులూ మా ఊళ్లో వేరే ముచ్చట లేదు. పడవ తెచ్చుకుని నీళ్ల అడుగున దాచుకున్నదట అని. బతుకమ్మ పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, ఆడవాళ్లు బతుకమ్మలు తెచ్చి అక్కడే నీళ్లలో వదిలారు. మా చిన్నత్త పువ్వులు నెడుతూ, "వదినా, నీ పడవ కన్న మా బతుకమ్మలే నయం. తేల్తానయ్," అంది.

"మీయి ఒక్క పూటకే తేల్తయ్. నాది జర ఆగి తేల్తది," అంది అమ్మ.

దసరా ముందర చేపల తాత సాయంతో పడవను పైకి తీశారు. గుగ్గిలం ఆముదంలో కాచి, అందులో తడిపిన నారను ఈసారి సందుల్లో వదులుగా పెట్టారు. వడ్ల తాత పక్కన నిలబడి, అంత వదులైతే ఆగదని గొణిగాడు. దసరా వెళ్లిన తెల్లారి అమ్మ తమ్ముడికి కడుపునిండా పాలిచ్చి నాయనమ్మకు అప్పగించి, నా చేతికి ఖాళీ నూనె డబ్బా ఒకటి ఇచ్చి, "తోడుడే నీ పని. ఆపకు," అంది. బాపు ఒడ్డున ఉన్నాడు. ఆయన చేతిలో వెదురు గడ. కణుపులన్నీ నున్నగా చెక్కి ఉన్నాయి, ఎప్పుడు చెక్కాడో మాకు తెలియదు. దాన్ని అమ్మ చేతిలో పెట్టి, "వంకర వోతే ఇటు నొక్కు," అని చూపించి వెనక్కి జరిగాడు. అమ్మ అవతలి ఒడ్డున ఉన్న తుమ్మచెట్టు మీద నుంచి చూపు తిప్పలేదు. పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుందో, బాపును తిట్టుకుందో. పడవ కారుతూనే ఉంది. నేను తోడుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

మేం ఒడ్డు చేరేసరికి పెద్దబాపు నాగలి మా గట్టు దాటి రెండు చాళ్లు లోపలికి వచ్చింది. అమ్మ తడి చీరతో, గడ చేతిలో అట్లాగే పట్టుకుని, నేరుగా ఎద్దుల ముందుకు పోయి నిలబడింది. నేను మామూలుగానే, ఏం చెప్పమంటుందో అని ఆమె మొహం చూశాను. నా వైపు చూడలేదు.

"బావా, నాగలి మలుపు. నేనచ్చిన," అంది.

పెద్దబాపు నోట్లో చుట్ట ఆరిపోయింది. ఆమెను చూశాడు, ఒడ్డున పడవను చూశాడు, ఆఖరికి నావైపు తిరిగాడు. "మీ అమ్మకు చెప్పు బిడ్డా, నేను గట్టు చూసుకోలేదని," అన్నాడు. నేను చెప్పాను.

ఆ పడవ నాలుగు శీతాకాలాలు నడిచింది. కారని రోజు ఒక్కటీ లేదు. తర్వాత అవతలికి మట్టి రోడ్డు పడింది, పడవ చెక్కలు మా కోళ్లగూటికి తలుపయ్యాయి. ఎకరం ఇప్పటికీ అమ్మదే. మొన్న వచ్చినప్పుడు సంచి నిండా చిక్కుడుకాయలు తెచ్చింది.

ఇవాళ పొద్దున, ఆదివారం స్కూటరు చూడడానికి పోదామని మా ఆయనతో అన్నాను. నేను కొట్టి చూస్తానన్నాను. "స్కూటర్‌ను కొడ్తె ఏమెర్కైతది?" అని నవ్వాడు. ఏం తెలుస్తుందో నాకూ తెలియదు. భయం పోలేదు, పాప కాలు చక్రంలో పడుతుందనే ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఈ రాత్రి ఇదంతా రాస్తూ ఊరికే వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఎద్దుల ముందు నిలబడ్డ నాడు అమ్మకు ఇరవై ఏడేళ్లు. నాకిప్పుడు ఇరవై ఎనిమిది. ఇన్నేళ్లూ ఆమె అప్పటికే పెద్దదనుకున్నాను. నేను ఆమె వయసు దాటి వచ్చి చూస్తే, అక్కడ గడ పట్టుకుని నిలబడింది నాకన్నా ఏడాది చిన్నదైన పిల్ల.