బందరుకు మోసుకెళ్లిన మడత తెర

ఉదయం ఏడు దాటాక గుడివాడలో బందరు పాసింజరు ఎక్కాను. బ్యాగులో ప్రొజెక్టరు, కెమెరా. చంకలో మడిచిన తెల్ల తెర. చీర కుచ్చిళ్లలా మడతలు పడే ఆ తెర మీద అక్కడక్కడా వెండి చుక్కలుంటాయి. కెమెరా ఆ చుక్కలనే కనిపెట్టుకుని ఉంటుంది. తెరను ఎటు మడిచినా, ఎటు కదిపినా ప్రొజెక్టరు వేసే చీర బొమ్మ దానితోపాటే కదులుతుంది. ఏడాదిగా ఇదే నా పని. ఈసారీ ఎవరూ తీసుకోకపోతే మానేసి ఉద్యోగం వెతుక్కుంటానని ఇంట్లో మాటిచ్చి బయల్దేరాను.

ఎదుటి సీటు పెద్దాయన, "ఫ్లెక్సీలు వేస్తారా అండీ?" అన్నారు. వివరించే ఓపిక లేక ఔనన్నాను.

బందరు స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆటోలో కరీముల్లా గారి చీరల కొట్టుకు చేరాను. ఆయన సూటి మనిషి.

"చీరలన్నీ విప్పి మడవలేక మావాళ్ల నడుములు పోతున్నాయండీ. ఇవాళ ఒక్కరైనా ఇందులో చూసి కొంటే ఉంచేస్తాను. లేదంటే ఏమీ అనుకోకండి."

మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లంతా వింతగా చూశారు. కొన్నవి మాత్రం చేత్తో తడిమిన చీరలే.

అప్పుడొచ్చారు వెంకాయమ్మ గారు, హంసలదీవి నుంచి, అవనిగడ్డలో బస్సు మారి. చేపలమ్ముతారట. వెంట వచ్చిన కూతురికి కాలేజీ ఫంక్షన్‌కి చీర కావాలి. తెర రెండు కొసలూ ఆ అమ్మాయి చేతికిచ్చి, ఒంటి ముందు పట్టుకోమన్నాను. దాని మీద పచ్చ చీర బొమ్మ వెలిగింది.

వెంకాయమ్మ గారు చేప మొప్ప ఎత్తి చూసే అలవాటుతో తెర మడత ఎత్తి చూశారు. లోపలంతా తెలుపే. "వెనకేం లేదేంటండీ?" అంటూ తెర మొత్తం లాగి పక్కన పడేశారు. కెమెరాకు చుక్కలు దొరకలేదు. బొమ్మ ఉన్నచోటే ఆగిపోయి, అప్పటిదాకా తెర వెనక ఉన్న అమ్మాయి తెల్ల చుడీదారు మీద పడింది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి చూశారు. "అమ్మాయ్, అట్టా తిరుగు." అమ్మాయి తిరిగింది.

"ఇదే తియ్యండి మావయ్యా," అన్నారు కరీముల్లా గారితో.

కరీముల్లా గారు మాట తప్పలేదు. "మిషను ఉంచండి. మనిషి కదిలితే బొమ్మ కదిలేట్టు మార్చివ్వండి చాలు. ఆ తెర మాత్రం పట్టుకుపోండి బాబూ, అడ్డం."

ఏడాదిలో ఎక్కువ కష్టపడింది ఆ తెర మడతల మీదే. సంతోషం వేసింది, దాని వెనకే బాధ కూడా. బందరులో బేరం కుదిరిందంటే నవ్వుకుంటూ వస్తాననుకున్నాను కానీ, ఇలా కాదు.

సాయంత్రం గుడివాడ బస్సు దొరికింది. కిటికీ దగ్గర చంటిపాపతో ఒకామె. "ఆ గుడ్డ కాస్త ఇస్తారా అండీ? పాపకి ఎండ కొడుతోంది." విప్పి కిటికీకి కట్టాను. మడతలు చక్కగా నిలబడ్డాయి.

గుడివాడలో దిగేటప్పటికి పాప ఇంకా నిద్రలోనే ఉంది. ఆ తెర నేను తిరిగి అడగలేదు.