సూది నొప్పి తెలియని చోటు

పుష్పవల్లి లెక్కలో పోట్లాట అంటే గొంతు వీధి చివరి దాకా వినిపించాలి. కొంగు నడుముకు బిగుసుకోవాలి. ఎదుటి మనిషి తాతముత్తాతలు ఒక్కసారైనా మాటల్లోకి వచ్చి పోవాలి. పెరంబూరులో యాభై ఏళ్ళుగా కుళాయి దగ్గర, రేషను కొట్టు దగ్గర ఆమె చేసిన పోట్లాటలన్నీ ఈ పద్ధతిలోనే జరిగాయి. అన్నింట్లోనూ తానే గెలిచింది. అవతలివాళ్ళను అడిగితే వేరే మాట చెబుతారేమో గానీ, వాళ్ళను ఎవరు అడగొచ్చారు? అందుకే, జయంతి గెలిచిన పోట్లాటను మంచం మీద కూర్చుని కళ్ళారా చూసి కూడా, అది పోట్లాటని ఆమెకు ఆ రోజు తెలియలేదు.

కాలివేలికి పుండు పడి పుష్పవల్లి ఆసుపత్రిలో చేరిన నాలుగో నాటి మాట అది. జయంతి ఆ ఆసుపత్రి నర్సింగు బడిలో పాఠాలు చెబుతుంది, పుష్పవల్లి ఇంటి మేడ మీద అద్దెకుంటుంది. ఆ ఉదయం ఆరుగురు విద్యార్థినులను వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చింది. ఆరుగురి చేతుల్లోనూ ఫోన్లు. నర్సులందరికీ పెద్దయిన హేమమాలిని అది చూసి గుమ్మం దగ్గరి నుంచే మొదలుపెట్టింది.

"ఏమి జయంతీ, ఇది వార్డా, సినిమా టెంటా? ఫోన్లన్నీ నా బల్ల మీద పెట్టమను. మా కాలంలో ఫోన్లు చూసి నేర్చుకున్నామా? పెద్దోళ్ళ చేతులు చూసి నేర్చుకున్నాం."

పుష్పవల్లి దిండు సర్దుకుని నిటారుగా కూర్చుంది. మంచి పోట్లాట చూసి నాలుగు రోజులైంది మరి.

"నిజమే మేడం," అంది జయంతి. గొంతు పక్క మంచానికి కూడా వినబడలేదు. "ఈ పిల్లోళ్ళు కూడా మీ చేతిని చూసే నేర్చుకోవాల. బడిలో అరవై మంది ఉండారు. అందరికీ మీరు చేసి చూపించాలంటే అయ్యే పనా? ఒక్కసారి చెయ్యండి, నేను వీడియో తీసుకుంటా. మొహం రాదు. చేయి మాత్రమే వస్తుంది."

తన చేయి అరవై మందికి పాఠమవుతుందంటే ఎవరికి చేదు? హేమమాలిని గాజులు వెనక్కి తోసుకుంది. గుచ్చి చూపించడానికి పుష్పవల్లి బల్ల మీది సాత్తుకుడి, అదే బత్తాయి, పండు తీసుకున్నారు, ఆమెను అడగకుండానే. హేమమాలిని ఇన్సులిన్ సూది గుచ్చింది, మందు దించింది, టక్కున లాగేసింది. జయంతి తీసిన వీడియోను ఆమెకే చూపించింది. ఆరుగురు పిల్లలూ భుజాల మీదుగా తొంగి చూశారు. సూది బయటికి రాగానే పండు తొక్క మీద మందు చుక్క ఒకటి నిలబడి తళుక్కుమంది.

మందు దించాక, అది బయటికి కారకుండా పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు సూది తీయాలన్నది ఆ పిల్లలు మొదటి వారంలోనే నేర్చుకున్న పాఠం. ఎవరూ పైకి అనలేదు. హేమమాలిని గొంతు సవరించుకుని, "ఇంకోసారి తియ్యి," అంది. ఈసారి పది దాకా పైకే లెక్కపెట్టింది. ఆ రోజు నుంచి ఆ వార్డులో ఫోన్లకు అడ్డు లేదు. ఉంటే ఆమె చేతిని చూసేదెవరు?

"అంత మాటంటే వాయి మూసుకోని ఉండావే?" అని సాయంత్రం నిలదీసింది పుష్పవల్లి. "నీ నోట్లో నాలుకే లేదా?"

"గెలిచింది నేనే గదత్తా," అని నవ్వింది జయంతి.

ఆ గెలుపు పుష్పవల్లికి రుచించలేదు. పండు కూడా రుచించలేదు, రెండు చోట్ల సూది పడ్డాక. హేమమాలిని మొహం ఎలా చిన్నబోయిందో మాత్రం వార్డులో మంచం మంచానికీ నటించి చూపించింది. తనకూ అలాంటి రోజొకటి కాచుకుని ఉందని తెలిసుంటే కొంచెం తగ్గించి నటించేది.

జయంతి రైల్వే వర్కుషాపు వడ్రంగి రాఘవయ్య కూతురు. ఇరవై రెండేళ్ళు వార్డుల్లో నర్సుగా తిరిగి, మోకాళ్ళు మొరాయించాక పాఠాలు చెప్పే పనికి మారింది. ఆ బడిలో అరవై మందికీ కలిపి ఒకే ఒక రబ్బరు చేయి ఉండేది. ఎన్నేళ్ళుగా ఎంతమంది పిల్లలు గుచ్చారో ఏమో, అది జల్లెడైపోయి, ఎక్కడ పెట్టినా సూది దానంతటదే లోపలికి దిగేది. వెనక వరసలో నిలబడ్డ పిల్లలకు ముందువాళ్ళ జడలు తప్ప మరేమీ కనబడేవి కావు. తన చేతిని తానే వీడియో తీసి పిల్లల ఫోన్లకు పంపిస్తే అందరూ ముందు వరసలో ఉన్నట్టే గదా అన్న ఆలోచన జయంతికి ఆ జడలు చూసే పుట్టింది.

వంటింట్లో వెలుతురు చాలదని డాబా ఎక్కింది. ఫోను నిలబెట్టడానికి ఇడ్లీ స్టాండు వాడింది, రెండు ప్లేట్ల మధ్య ఫోనును ఇరికించి. పొద్దున ఆరింటికి డాబా మీద ఒంటరిగా నిలబడి, ఒక సాత్తుకుడి పండుతో "భయపడొద్దు, చీమ కుట్టినట్టుంటుంది, అంతే," అని బుజ్జగించే మనిషిని కింది నుంచి చూసి పుష్పవల్లి ఏమనుకోవాలి? మేడ మీద అద్దెకున్నామెకు మతి తప్పిందని వీధిలో నాలుగిళ్ళకు చెప్పి వచ్చింది. సంగతి తెలిశాక కూడా ఆ నాలుగిళ్ళకు మళ్ళీ వెళ్ళలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమె ఇంటా వంటా లేదు.

జయంతి వీడియోలన్నీ రెండున్నర నిమిషాలే. బడిలోని పెద్దలు ఇదేదో కొత్త బోధనా పద్ధతి అనుకుని మెచ్చుకున్నారు. అసలు కారణం పుష్పవల్లికి తెలుసు. ఇంటి వెనకే రైలు పట్టాలు. ఒక బండి పోయి ఇంకో బండి వచ్చేలోపల జయంతికి దొరికే నిశ్శబ్దం అంత మాత్రమే.

ఇక పుష్పవల్లి వైద్యం సంగతి. బడిచదువు మూడో తరగతి దగ్గరే ఆగింది గానీ, వైద్యంలో తనకు రానిది లేదని ఆమె నమ్మకం. నాలుగేళ్ళుగా ఇన్సులిన్ తానే గుచ్చుకుంటోంది. సిరంజి మీది గీతలు కనబడవు కాబట్టి మనవరాలు ప్రణతి సూదిలోకి మందు ఎక్కించి ఇచ్చేది, గుచ్చడం మాత్రం తన చేత్తోనే. ఆ నాలుగేళ్ళలో ఒక రహస్యం కనిపెట్టింది. బొడ్డుకు కుడిపక్కన రోజూ ఒకే చోట గుచ్చితే, కొన్నాళ్ళకు ఆ చోటు మొద్దుబారి నొప్పే తెలియదు. దీనికి "చోటును సూదికి మరిగించుకోవడం" అని పేరు కూడా పెట్టింది. ఎదురింటి మాదయ్య, కోచ్ ఫ్యాక్టరీలో ఇనుముతో ముప్పై ఏళ్ళు కుస్తీపట్టి రిటైరైన మనిషి, తనకూ ఇన్సులిన్ రాసిచ్చాక ఇంత చిన్న సూదిని చూసి వణికిపోతుంటే ఈ విద్య ఆయనకూ నేర్పింది.

ఒక్కటే చిక్కు. షుగరు మాట వినలేదు. ఒకనాడు ఆకాశంలో ఉండేది, ఒకనాడు కాళ్ళు తేలిపోయేంత కిందికి జారేది. కళ్ళకు పొరలొచ్చాయి. ఆపరేషనుకు మూడుసార్లు రోజు పెట్టారు, మూడుసార్లూ షుగరు చూసి వెనక్కి పంపారు. మోతాదు పెంచి చూశారు. పుష్పవల్లి మందును తిట్టింది, మందుల కొట్టువాణ్ణి తిట్టింది, ఆఖరికి బియ్యాన్ని తిట్టింది. చూపు పూర్తిగా మసకబారితే వంట పోతే పోయింది, ఎదురుగా ఉన్నదెవరో తెలియక ఒకరి తిట్లు ఇంకొకరికి తిట్టే గతి పడితే? యాభై ఏళ్ళ పేరు ఒక్క పూటలో మట్టి అయిపోదూ?

ఆ రోజుల్లోనే జయంతి అడిగింది. "ఆసుపత్రిలో నర్సు గుచ్చేది వేరు, ఇంట్లో మన చేత్తో మనం గుచ్చుకునేది వేరు. పిల్లోళ్ళకి అది కూడా చూపించాల. నువ్వు గుచ్చుకోని చూపిస్తావా అత్తా?"

నాలుగేళ్ళుగా ఈ పిలుపు కోసమే ఎదురు చూస్తున్నట్టు లేచింది పుష్పవల్లి. ఆదివారం పొద్దున కంచి పట్టుచీర కట్టింది, రవ్వల ముక్కుపుడక పెట్టింది, జడ నిండా కనకాంబరాలు తురుముకుంది. మెట్లెక్కి డాబా మీదికి వచ్చేసరికి ఆయాసంతో పాటు గర్వం కూడా రొప్పుతోంది.

జయంతి ఆమెను తలనుంచి పాదాల దాకా చూసింది. "అత్తా, మొహం రాదు. పొట్ట, చేయి, అంతే."

"ఐయో! చీర?"

"అంచు కొంచెం కనబడతాది."

"అంచే జానెడుండాది. దాన్నైనా వదలకుండా తియ్యి."

ఆ రోజు పాఠం లైవులో నడుస్తోంది. అరవై మంది అరవై ఫోన్లలో చూస్తున్నారు. బండి పోయింది. పుష్పవల్లి పొట్ట మీద తడుముకోకుండా, ఏళ్ళ తరబడి అలవాటైన చోట, కళ్ళు మూసుకుని గుచ్చింది. మొహం రాదని తెలిసినా నవ్వుతూనే ఉంది. అప్పుడు ఫోనులోంచి మణలి నుంచి చూస్తున్న కలైసెల్వి అనే పిల్ల గొంతు వినిపించింది. "మేడం, అదు ఎన్న వీక్కం?" పొట్ట మీద ఆ వాపేమిటని.

"వాపు కాదే అమ్మీ," అంది పుష్పవల్లి, అడిగింది తననే అన్నట్టు. "అది నేను మరిగించుకున్న చోటు. నాలుగేళ్ళుగా ఈడనే. రవ్వంత కూడా నొప్పి లేదు, తెలుసా?"

జయంతి పాఠం ఆపేసి, వచ్చి పక్కన కూర్చుని ఆ చోట వేలు పెట్టి నొక్కి చూసింది. తిరగేసిన చిన్న ఇడ్లీ అంత బుడిపె.

"అత్తా, ఒకే చోట గుచ్చి గుచ్చి ఈడ కొవ్వు గడ్డ కట్టింది. మందు దీంట్లోనే చిక్కుకుంటా ఉండాది, ఒంటికి సరిగ్గా అందడంలా. అందుకే నీ షుగరు అట్ట ఎగిరెగిరి పడతా ఉండేది. చోటు మార్చాల. నీ ఇష్టానికి మార్చొద్దు, కొత్త చోట మందు బాగా పడతాది, మోతాదు తగ్గించాల్సి వస్తాది. రేప్పొద్దునే డాక్టరు దగ్గరికి పోదాం."

ఇదంతా పుష్పవల్లి చెవిన పడింది గానీ అప్పటికి తలకెక్కలేదు. ఆమెకు కనబడిందల్లా హేమమాలిని మొహం, వార్డులో తాను నటించి చూపించిన మొహం. ఇప్పుడు అరవై ఊళ్ళలో అరవై మంది పిల్లలు తన పొట్టను నటిస్తూ ఉండాలి. కనకాంబరాలు మెట్ల మీద రాలుతుండగా దిగిపోయింది.

నెలన్నర జయంతితో మాట్లాడలేదు. మరునాడే ప్రణతిని తోడు తీసుకుని, జయంతి లేని వేళ చూసి, డాక్టరు దగ్గరికి మాత్రం పోయింది. "ఈ బుడిపె వల్లనే షుగరు దిగలేదని నాకు తోస్తా ఉండాది," అని గంభీరంగా చెప్పింది. భలే కనిపెట్టారమ్మా అని డాక్టరు మెచ్చుకుంటే, పక్కనున్న ప్రణతి కిటికీలోంచి బయటికి చూసింది. మోతాదు తగ్గించి, ఏ రోజు ఎక్కడ గుచ్చుకోవాలో కాగితం మీద పొట్ట బొమ్మ గీసి ఇచ్చారు. కొత్త చోట ప్రతి సూదీ చురుక్కుమంది. పది అంకెలు లెక్కపెట్టడానికి బదులు పుష్పవల్లి జయంతిని పది తిట్లు తిట్టేది. కాలం సరిగ్గా సరిపోయేది.

నెల తిరిగేసరికి షుగరు దారిలోకి వచ్చింది. కంటి ఆపరేషనుకు నాలుగోసారి రోజు పెట్టారు, ఈసారి వెనక్కి పంపలేదు. కట్టు విప్పిన వారానికి, అన్నీ స్పష్టంగా కనబడుతున్న ధైర్యంతో, కొంగు నడుముకు బిగించి పుష్పవల్లి మేడ ఎక్కింది. మంచి పోట్లాట ఇంతకాలం చూపు లేకనే ఆగింది.

"ఏమే! నా పొట్టను ఊరంతా చూపించి, నన్ను నవ్వులపాలు చేసి, ఈడ హాయిగా కాఫీ తాగతా ఉండావా?"

జయంతి గ్లాసు పక్కన పెట్టింది. "ఆ పొద్దు అరవై మంది చూసింది నా తప్పే అత్తా. ముందు నేనొక్కదాన్నే చూసుండాల్సింది. ఫోన్లో పడింది మాత్రం ఎవరికీ పంపలా. నీ పొట్ట, నీ మాట. వద్దంటే నీ ముందరే తీసేస్తా."

తాతముత్తాతల దాకా పోవడానికి సిద్ధమై వచ్చిన మనిషి ఫోను లాక్కుని చూసింది. కొత్త కళ్ళతో మొదటిసారి తన పొట్టను తాను చూసుకుంది. పొద్దుటి ఎండలో ఆ బుడిపె ముక్కుపుడక కంటే బాగా మెరుస్తోంది.

"అంచు రాలేదే!" అంది.

"రాలేదు."

"పాపిష్టిదానా." గొంతులో బలం లేదు. "సెరి, ఏం చేద్దామంటావు?"

"నువ్వే చెప్పు అత్తా. ఒకే చోట ఎందుకు గుచ్చుకున్నావో, ఏమయిందో, నీ నోటితోనే చెప్పు. నేను వంద మాటలు చెప్పినా పిల్లోళ్ళు పరీక్ష కోసం రాసుకుంటారు, అంతే. నువ్వు చెప్తే చచ్చినా మరిచిపోరు. ఈసారి మొహం కూడా తీస్తా, నీకు సమ్మతమైతే."

మొహం అనగానే పుష్పవల్లి చేయి తెలియకుండానే ముక్కుపుడక మీదికి పోయింది. "చెప్తాను పో. తప్పయినా అది నేను కనిపెట్టిన విద్య. ఈ వీధిలో ఇంకెవరికి తెలుసు? ఎదురింటి మాదయ్యకి కూడా నేనే గదా నేర్పించింది. రెండేళ్ళుగా నేను చెప్పినట్టే..."

అంటూ అంటూనే ఆగింది. మాదయ్య ఈ మధ్య గోడ పట్టుకుని నడుస్తున్నాడని వారం రోజులుగా ఆమె కళ్ళకు బాగానే కనబడుతోంది.

జయంతి ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని పక్కన పెట్టేసింది.

"వీడియో ఆనక చూద్దాం. నువ్వు ముందు ఎదురింటికి పో అత్తా. నేను చెప్తే మాదయ్య మామ వినడు, నిన్ను నమ్మినాడు. నీ పొట్ట బొమ్మ కాగితం ఎత్తుకోని పో. 'నేను నేర్పించింది తప్పు' అని నీ నోటితో చెప్పి, రేప్పొద్దున మామను డాక్టరు దగ్గరికి నువ్వే పిలుచుకోని రా."