చివరి పేరు తర్వాత

డెబ్బైల నాటి ముచ్చట. డ్యూటీ దిగి, కాళ్లు గుంజుతుంటే హుస్సేనీ ఆలం బస్టాపుల కూలబడ్డ. పక్కన ఒక ముసలాయన ఉన్నడు. మెడల వరాహం బొమ్మ చెక్కిన ఇత్తడి బిళ్ళ. ఇల్లిల్లు తిరిగి వంశాలు చెప్పేటాయన. నా ఇంటిపేరు అడిగి, అలసటగ నవ్విండు.

"మొఘల్‌పురాల మీ వాళ్లింటికే వొయ్యొస్తున్న బిడ్డా. వినేటందుకు టైం లేదన్నరు. బస్సొచ్చేదాంక నువ్వన్న విను."

నాకూ ఓపిక లేదు. అయినా వద్దనలేకపోయిన. ఓరుగల్లు కోటల వరాహం జెండా మోసిన రుద్రన్న కాడ మొదలువెట్టిండు. కొడుకు పేరెనుక కొడుకు పేరు. గొంతు ఎండిపోతున్నా ఆగలే. మా తాత దాంక, మా బాపు దాంక వచ్చిండు. నా పేరు అడిగి కలిపిండు.

"నీ తర్వాత?"

"ఎవ్వరు లేరు. మాకు పిల్లలు కాలే."

ఆయన అయ్యో అనలే. బిళ్ళను కళ్లకద్దుకొని, నా పేరెనుక మళ్ల "రుద్రన్న" అన్నడు.

"గదేంది?" అన్న.

"చివరి పేరు కాడ వంశం ఆపొద్దు బిడ్డా. మొదటోన్ని మళ్ల పిలవాలె. మా రివాజు గది."

బస్సొచ్చింది. ఎక్కిన.

ఇంటికి పోయి అన్నం తినుకుంట మా ఆమెకు చెప్పిన. పిల్లల ముచ్చట మా మధ్య బందై ఏండ్లైంది. ఆమె గిన్నెలు ఎత్తుకుంట, తొట్టెల కాడ పేరు పెట్టేటప్పుడు పిలిచి చూసినట్టు, "రుద్రన్న" అని మెల్లగ ఒక్కసారి అన్నది.